లిఫ్టు పక్కన కుర్చీ

సముద్రం మీద అయిదు రోజుల విహారానికి పెద్ద ఓడ ఎక్కాలా, చిన్న ఓడ ఎక్కాలా అన్న తగువు ఆ ఇంట్లో రెండు నెలలు నడిచింది. భోజనాల బల్ల మీద కంచాల మధ్య రెండు రంగుల పుస్తకాలు పరిచి, అందరూ తలో మాటా అనేవారు. ఒక పుస్తకం అట్ట మీద పదిహేను అంతస్తుల ఓడ. అందులో ఈతకొలనులు, సినిమా హాలు, ఆటస్థలాలు, అంగళ్లు, ఊళ్లో ఉన్నవన్నీ ఉన్నాయి. రెండో పుస్తకం అట్ట మీద నలభైమంది పట్టే చిన్న ఓడ. అందులో ఒకే భోజనశాల, నీళ్లకు దగ్గరగా వరసగా వేసిన బల్లలు తప్ప చెప్పుకోదగ్గవి ఏమీ లేవు.

రంగుల దుకాణం నడిపే పెద్దకొడుకు మొదటినుంచీ పెద్ద ఓడ పక్షం. మందుల కంపెనీ తరఫున ఊరూరా తిరిగే చిన్నకొడుకు అన్నకు వంత పాడాడు. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. అయిదు రోజులు అవే నలభై మొహాలు చూస్తూ గడపాలంటే అతనికి జైలుశిక్షలా తోచింది. చిన్నకోడలికీ, ఆమె ఇద్దరు మగపిల్లలకూ, కాలేజీలో చేరిన పెద్దకోడలి కూతురికీ ఈతకొలను లేని ఓడ ఓడే కాదు. ఇక ఇంటిపెద్ద, ఒకప్పటి డ్రిల్లు మాస్టారు, మోకాళ్ల నొప్పులకు భయపడి కొన్నాళ్లు చిన్న ఓడ వైపు మొగ్గారు గానీ, పెద్దదానిలో చదరంగం ఆడే గది ఉందని తెలియగానే ఆయనా గోడ దూకేశారు.

పెద్దకోడలు ఆ రెండు నెలల్లో ఒక్కసారే నోరు తెరిచింది. కూరగిన్నె పట్టుకుని వడ్డిస్తూ, చిన్న ఓడైతే సముద్రం దగ్గరగా కనిపిస్తుందేమో అంది. సముద్రం మీదికి వెళ్లినవాళ్లకు సముద్రం కనిపించకపోవడమేమిటని భర్త నవ్వాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వేసి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లింది.

“పెద్ద ఓడలో ఎవరికి నచ్చింది వాళ్లు చేసుకోవచ్చు. ఒకరి కోసం ఒకరు ఆగక్కర్లేదు,” అని భర్త తీర్పు చెప్పేశాడు.

వినడానికి ఎంత సబబైన మాట! కానీ ఏడుగురు ఏడు వైపులకు పోవాలంటే ఎనిమిదో మనిషి ఎటూ పోకుండా ఉండాలి. ఆ ఎనిమిదో మనిషి ఎవరన్నది ఆ బల్ల దగ్గర ఎవరికీ తోచలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఆ అమ్మకు ఏం కావాలో ఎవరు అడగాలన్నది మాత్రం సామెత చెప్పదు.

పెద్దకోడలు బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చునే ఉద్యోగిని. ఫలానా బస్సు ఎప్పుడొస్తుంది, ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుంది, మరుగుదొడ్డి ఎటువైపు అని అడిగేవాళ్లకు ఇరవై రెండేళ్లుగా జానెడు కిటికీలోంచి జవాబు చెబుతోంది. ఇంటికొస్తే నా చెప్పులేవి, నా కళ్లజోడేది, తాళాలెక్కడ అని ఇంకో ఎంక్వయిరీ. అందువల్ల ఆమె కోరిక చాలా చిన్నది. తనను ఏమీ అడగని దాని ఎదురుగా ఒక గంట కూర్చోవాలి. సముద్రం ఎవరినీ ఏమీ అడగదని ఆమె నమ్మకం. ఈ కోరిక ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే మళ్లీ నవ్వుతారని వెరపు.

ఓడ తీరం వదిలిన గంటకే ఫోన్లన్నీ మూగబోయాయి. ఆ సాయంత్రమే మగపిల్లలిద్దరూ తప్పిపోయి, ఏడో అంతస్తులో బొమ్మల కొట్టు ముందు దొరికారు. మామగారు భోజనశాలకని బయల్దేరి వ్యాయామశాలలో తేలారు. చిన్నకొడుకు తన గది తాళం కార్డు గదిలోనే పెట్టి తలుపు వేసేశాడు. ఇలా లాభం లేదని పెద్దకొడుకు ఒక ఏర్పాటు చేశాడు. పదకొండో అంతస్తులో లిఫ్టుల పక్కన ఒక కుర్చీ ఉంది. అందులో భార్యను కూర్చోబెట్టి, ఎవరు తప్పిపోయినా తిన్నగా ఇక్కడికే రావాలని అందరికీ చెప్పాడు. ఈ ఒక్క పూటకే అన్నాడు. ఆమె సరేనంది.

ఆ ఒక్క పూట మర్నాటికి పాకింది. గది కార్డులన్నీ ఆమె దగ్గరే ఉంటే పోకుండా ఉంటాయన్నారు. మామగారి పదకొండు గంటల మాత్రలు, చిన్నకోడలి నగలు, కూతురి కళ్లజోడు, పిల్లల తడి తువ్వాళ్లు ఒక్కొక్కటే వచ్చి ఆమె ఒళ్లోని సంచీలో చేరాయి. లిఫ్టు తలుపులు తెరుచుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు దిగి, ఏదో ఒకటి ఇచ్చి, ఇంకేదో తీసుకుని, అదే లిఫ్టులో పోయేవారు. అందరూ ఒకటే పరుగు. ఎనిమిదో అంతస్తులో మ్యాజిక్కు మొదలైందని ఒకరు, పద్నాలుగులో జారుడుబల్లకు వరస పెరిగిపోతోందని మరొకరు. కాళ్లు కాలిన పిల్లుల్లా పైకీ కిందికీ తిరగడమే తప్ప ఒకచోట పావుగంట నిలిచినవాళ్లు లేరు. కదలకుండా కూర్చున్నదల్లా ఆమె ఒక్కతే. ఆమె మనసు మాత్రం ముళ్ల మీద ఉంది.

ఆమె ఎదురుగా గోడ మీద పెద్ద పటం ఉంది. సముద్రం పటం. అక్కడ కిటికీ లేదు. రాత్రి పడుకునే గదికీ లేదు.

రెండో రోజు మధ్యాహ్నానికి పరాయివాళ్లు కూడా ఆమెను దారి అడగడం మొదలుపెట్టారు. తీరిగ్గా కూర్చున్న మనిషిని చూస్తే ఎవరికైనా అడగబుద్ధేస్తుంది కదా! భోజనశాల ఎటు అంటే మొదట తెలియదంది. పదిమంది అడిగేసరికి తెలుసుకుని చెప్పింది. మూడో రోజుకి సినిమా వేళలు కూడా నోటికొచ్చేశాయి. పాడు అలవాటు, జవాబు చెప్పకుండా ఊరుకోలేదు.

మూడో రోజు సాయంత్రం ఒక్కసారి లేచింది. పైకి వెళ్లి సముద్రం చూసి పది నిమిషాల్లో వచ్చేద్దామనుకుంది. పై మెట్టు ఎక్కేలోగా వెనకనుంచి పిల్లలు పెద్దమ్మా అంటూ కేకలు. కిందికి వచ్చేసరికి భర్త కుర్చీ పక్కన నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. అందరం నీ కోసం వెతుక్కుంటున్నాం, ఆ మాత్రం ఓపిగ్గా కూర్చోలేవా, నీకు ఇక్కడ పనేముంది గనక అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. నిజంగానే ఆమెకు అక్కడ పనేమీ లేదని అతని అభిప్రాయం. ఆమె మళ్లీ కుర్చీలో కూర్చుంది. ఇంకా రెండే రోజులున్నాయని లోపల ఒకటే గుబులు పట్టుకుంది.

నాలుగో రోజు పొద్దున్న లిఫ్టు తలుపులు తుడిచే పనామె గుడ్డ పిండుకుంటూ ఆమె దగ్గరికి వచ్చి నిలబడింది. మూడు రోజులుగా వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ చూస్తున్న మనిషే.

“ఏమ్మా, మీకింకా యూనిఫాం ఇవ్వలేదా?” అని అడిగింది.

పెద్దకోడలికి అర్థం కాలేదు. తాను టికెట్టు కొనుక్కుని వచ్చిన ప్రయాణికురాలినని చెప్పింది. పనామె నాలిక కరుచుకుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇక్కడే ఉంటారు, అందరికీ దారి చెబుతుంటారు, ఓడవాళ్లు కొత్తగా పెట్టిన మనిషేమో అనుకున్నానని, ఏమీ అనుకోవద్దని బతిమాలుకుంది. తర్వాత వెళ్లబోతూ ఆగింది.

“మాకు ఆరు గంటలకోసారి మనిషి మారుతుందమ్మా. మిమ్మల్ని మార్చడానికి ఎవరూ రావడం లేదేంటా అని నిన్నటినుంచీ అనుకుంటున్నా.”

పెద్దకోడలికి ముందు నవ్వొచ్చింది. తుడిచే మనిషికి, వండే మనిషికి, ఇంజను దగ్గర చెమటోడ్చే మనిషికి కూడా ఈ ఓడలో డ్యూటీ దిగే వేళ ఒకటి ఉంది. తనకు లేదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆమెకు కోపం వచ్చింది. అది భర్త మీదా, తన మీదా, ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. ఒళ్లోని సంచీ తీసి కుర్చీలో పెట్టింది. పెట్టి, మెట్లు దిగడం మొదలుపెట్టింది.

అయిదో అంతస్తులో బరువైన తలుపు ఒకటి భుజంతో తోస్తే తెరుచుకుంది. గాలి మొహాన కొట్టింది. అక్కడ కమ్మీల పక్కన ఒక పొడుగాటి బల్ల, దాని ముందు సముద్రం. నాలుగు రోజులుగా దాని మీదే ఉంది, ఇప్పుడు చూస్తోంది. అంత నీరు ఒక్కచోట ఉంటుందని ఆమె అనుకోలేదు. నీళ్లు కుదురుగా కూడా లేవు. పొర్లుతున్నాయి, విరుగుతున్నాయి, మళ్లీ లేస్తున్నాయి.

ఆమె కూడా కుదురుగా కూర్చోలేకపోయింది. చేతులు ఒళ్లో సంచీ కోసం తడుముకున్నాయి. మామగారి మాత్రల వేళయిందేమో, పిల్లలు తడిబట్టలతో నిలబడ్డారేమో అని మనసు పీకింది. రెండుసార్లు లేచింది, రెండుసార్లూ కూర్చుంది. అంతలో పైనున్న స్పీకరులో ఆమె గది నంబరు వినిపించింది. ఆ గది ప్రయాణికురాలు వెంటనే రిసెప్షనుకు రావాలట. పిలిస్తే పలకడం అలవాటైన ఒళ్లు, ఆమె ప్రమేయం లేకుండానే లేచి నిలబడింది. తలుపు దాకా వెళ్లింది. పిడి మీద చెయ్యి వేసింది.

చెయ్యి తీసేసి వెనక్కి వచ్చి బల్ల మీద కూర్చుంది. రెండోసారి పిలిచారు. మూడోసారీ పిలిచారు. ఆమె నీళ్లవైపే చూస్తోంది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి గానీ, ఏడుస్తున్నానని ఆమెకు అనిపించలేదు. ప్రాణం హాయిగా ఉంది.

మాత్రల కోసం వచ్చి, కుర్చీలో సంచీ ఒక్కటే ఉండటం చూసి మామగారు కంగారుపడి అందరినీ కూడేశారట. ఒక్కొక్క అంతస్తూ వెతుకుతూ ఆ మోకాళ్లతో ఆయనే ముందు వచ్చారు. ఆయన వెనక ఇల్లంతా దిగింది. భర్త మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమెను చూడగానే అతని భయమంతా కోపమైంది.

“మైకులో పిలుస్తుంటే వినపడలేదా? నీళ్లలో పడిపోయావేమో అని గుండె ఆగిపోయింది తెలుసా?”

“వినపడిందండీ,” అంది ఆమె. “నేను కనబడకపోతే నీళ్లలో పడ్డాననుకున్నారు గానీ, నీళ్లు చూడ్డానికి వెళ్లుంటానని మీలో ఒక్కరికీ తోచలేదు.”

కూతురు వచ్చి పక్కన కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకుంది. భర్త కాసేపు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. అతనికి తప్పు తెలిసింది గానీ, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చివరికి ఓడ మీద పెట్టాడు. “నువ్వు చెప్పిందే నిజం. వచ్చేసారి చిన్న ఓడే ఎక్కుదాం,” అన్నాడు.

“ఓడదేం తప్పండీ? చిన్న ఓడలోనూ ఒక కుర్చీ ఉంటుంది. దాంట్లో నన్నే కూర్చోబెడతారు.”

మామగారు ఆ మాట విని తల దించుకున్నారు. కోడలి సంచీ తన భుజానికే వేలాడుతోందని అప్పుడే గమనించినట్టున్నారు. దాన్ని ఆమెకు ఇవ్వలేదు. అందులోంచి తన మాత్రలు తానే వెతికి తీసుకుని, మిగిలిన కార్డులూ కళ్లజోళ్లూ నగలూ ఎవరివి వాళ్లకు పంచిపెట్టారు.

చివరిరోజు ఆయనలోని డ్రిల్లు మాస్టారు నిద్రలేచాడు. కుర్చీలో కూర్చోవడానికి గంటకొకరి చొప్పున వంతులు వేశారు. పెద్దకోడలికి వంతు లేదు. మొదటి వంతు పెద్దకొడుక్కి పడింది. అతను పది నిమిషాలు బాగానే కూర్చున్నాడు. పదిహేనో నిమిషంలో ఎవరో భోజనశాల ఎటని అడిగితే తెలియదని విసుక్కున్నాడు. పిల్లలు తడి తువ్వాళ్లు ఒళ్లో పడేసి పరిగెత్తారు. పన్నెండో అంతస్తులో పాటల పోటీ మొదలైనట్టుంది, చప్పట్లు వినిపిస్తున్నాయి. ఒక కాలు మీంచి ఇంకో కాలు మార్చాడు, లేచాడు, కూర్చున్నాడు. వంతు ఎలా సాగుతోందో చూడ్డానికి తండ్రి రాగానే, ఇంకా ఎంతసేపు నాన్నా, ఇక్కడ ఊపిరాడటం లేదని మొరపెట్టుకున్నాడు.

తండ్రి అతని పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డారు.

“ఇరవై నిమిషాలకే నీకు ఊపిరాడలేదు. అది నాలుగు రోజులు కూర్చుంది. ఇంట్లో అయితే కాపురానికొచ్చిన నాటినుంచీ కూర్చునే ఉంది, మనకే కనబడలేదు. నాకూ కనబడలేదురా, వేరే ఎవరినో అనడం లేదు. పెద్ద ఓడా చిన్న ఓడా అని రెండు నెలలు కొట్టుకు చచ్చాం. అడగాల్సింది అది కాదు. ఇంట్లో అందరికీ సెలవు దొరికిందా అని అడగాలి. ఒక్క మనిషిని డ్యూటీలో ఉంచి మిగతావాళ్లం చేసే షికారును విహారం అనరు, ఆ మనిషి చేత చేయించుకునే చాకిరీ అంటారు.”