మైకులో అమ్మిన ఇల్లు

నర్సీపట్నంలో కళ్ళజోళ్ళ షాపు నడిపే జీవరాజు అబద్ధమాడడని ఎవరైనా అంటే, వాళ్ళు అతని దగ్గర ఎప్పుడూ కళ్ళజోడు కొనలేదన్నమాట. ఎంత చప్పిడి ముక్కు మీద నుంచి ఎంత జారిపోతున్న ఫ్రేమునైనా చూసి, ఇది తమరి కోసమే చేసినట్టుందని అనగలడు. అలాంటివాడు కళ్ళు మూసుకుని "ప్రభువా" అన్నాడంటే మాత్రం నోటమ్మట ఒక్క అబద్ధం రాదు. అన్నీ తెలిసినవాడి దగ్గర దాచడం దండగని అతని ఉద్దేశం.

భార్య పరిమళకి ఈ సంగతి పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది. మొగుడు ఏదో దాస్తున్నాడని అనుమానం వస్తే ఆవిడ నిలదీయడం, అలగడం లాంటి శ్రమ పెట్టుకోదు. కంచం ముందు కూర్చోబెట్టి, ఇవాళ ప్రార్థన మీరు చెయ్యండి అంటుంది. అన్నం చల్లారేలోపు, డాక్టరు వద్దన్న మిరపకాయ బజ్జీలు ఎవరి బండి దగ్గర తిన్నదీ, షాపు మూసి ఏ సినిమాకి పోయిందీ అన్నీ బయటికొచ్చేస్తాయి.

అలాంటి మనిషిని పక్కన పెట్టుకుని ఇల్లు అమ్మబోయింది పరిమళ.

అమ్మక తప్పని పరిస్థితి. ఆవిడ స్కూలు టీచరు. యలమంచిలికి బదిలీ అయినప్పట్నుంచీ రోజూ బస్సే. ఆ బస్సు ఆవిడకి పడదు. ఊరి పొలిమేర దాటకముందే కడుపులో తిప్పడం మొదలవుతుంది. కిటికీ పక్క సీటు, చేతిలో నిమ్మకాయ, ఒళ్ళో కవరు. కండక్టరు ఆవిడకి టిక్కెట్టుతో పాటు ఇంకో కవరు కూడా ఇచ్చేవాడు, చిల్లర లేనప్పుడు కవర్లే ఇచ్చేవాడు. అదృష్టం కొద్దీ యలమంచిలిలో బడికి నాలుగడుగుల దూరంలో ఒక చిన్న పెంకుటిల్లు అమ్మకానికొచ్చింది. ఇంటావిడ హైమ కూడా ఆ బళ్ళోనే టీచరు. జూన్‌లో బడి తెరిచేదాకా ఆగుతాను, ఆ పైన నన్ననొద్దు అని చెప్పింది. ఈ ఇల్లు అమ్ముడుపోతేనే ఆ ఇల్లు. లేకపోతే జూన్ నుంచి మళ్ళీ ఆ కవర్లే. ఆ ఆలోచనకే పరిమళకి నోట్లో నీళ్ళూరేవి, ఆకలితో మాత్రం కాదు.

ఇళ్ళ బ్రోకరు తాతబ్బాయిని పిలిపించారు. ఊళ్ళో సగం ఇళ్ళు తన చేతి మీదుగానే చేతులు మారాయని చెప్పుకునే మనిషి. ఇల్లంతా ఒకసారి తిరిగి, మొహం అదోలా పెట్టి, ఉన్నదున్నట్టు చూపిస్తే ఇది ఎవడూ కొనడని తేల్చేశాడు. ఆ తర్వాత అరుగు మీద కూర్చుని, టీ తాగుతూ, ఏం చెయ్యాలో ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు.

మధ్యగది గోడ పగులుకు అడ్డంగా బీరువా జరిపించాడు. వంటింటి స్లాబు వానాకాలంలో సరిగ్గా స్టవ్వు మీదే కారుతుంది, ఆ మరక మీద లేత పచ్చ డిస్టెంపరు రెండు పూతలు వేయించాడు. కాలు పెడితే ఊగే నాపరాయి మీదికి కుట్టుమిషను వచ్చింది. బోరు ఎండాకాలంలో దగ్గుతుంది తప్ప నీళ్ళివ్వదు కాబట్టి, తెల్లారేసరికి ట్యాంకు బిందెలతో నింపి ఉంచాలి. ఫ్యాను మొదలయ్యేటప్పుడు మూలుగుతుంది కాబట్టి వాళ్ళు రాకముందే వేసి, వాళ్ళు పోయేదాకా ఆపకూడదు. గదికి పెద్ద బల్బు, చెమ్మ వాసనకి సాంబ్రాణి. పాత సామానంతా అటక మీదికి. రేటు మాట ఆడవాళ్ళు ఎత్తకూడదు, మగవాళ్ళు బేగి దిగకూడదు. నాలుగు లక్షలు అనాలి, గట్టిగా అనాలి.

చివరికి పక్కింటి సింగన్న పందెం పుంజు మిగిలింది. అది అన్ని పుంజుల్లా తెల్లవారుజామున కూయదు. వీళ్ళ బాత్‌రూము తలుపు చప్పుడైతే కూస్తుంది. ఇంట్లో ఎవరు ఎప్పుడు వెళ్ళారో వీధి వీధికంతా తెలిసిపోతుంది. జీవరాజు సింగన్నకి ఒక నల్ల కళ్ళజోడు బహూకరించి, పుంజుని కొన్నాళ్ళు గొలుగొండలో వాళ్ళ అత్తారింటికి పంపించేలా ఒప్పించాడు. సింగన్న ఆ కళ్ళజోడు పెట్టుకునే పుంజుని బస్సెక్కించాడు.

శనివారం పొద్దున్న ఇల్లు చూడ్డానికి మనుషులు వస్తారని కబురొచ్చింది. సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు రామచంద్రమూర్తి, భార్య కమలాంబ. ఊళ్ళోనే అద్దెకుంటున్నారు.

ఏ ముఖ్యమైన పనికైనా ముందు ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకోవడం చర్చి వాళ్ళ ఆనవాయితీ. శుక్రవారం సాయంత్రం కూడిక పెట్టారు. వచ్చేది ముప్పై మంది, మైకెందుకండీ అంది పరిమళ. మైకు లేని కూడిక ఏం కూడిక అన్నాడు జీవరాజు. అతనికి మైకంటే ప్రాణం. సౌండు సర్వీసు మత్స్యలింగాన్ని పిలిచి, వీధి వైపు ఉన్న కరెంటు స్తంభానికి హారను కట్టించాడు.

పాస్టరు సత్యప్రకాష్ అయ్యగారు చక్కగా ప్రార్థన చేశారు. అక్కడితో ఆపి ఉంటే ఈ కథ లేదు. ఆయన మైకు జీవరాజు చేతికిచ్చి, ఇంటి యజమాని తన మనవి తానే దేవుడికి చెప్పుకుంటే బాగుంటుందన్నారు. పరిమళ మొగుడి చేతిలోంచి మైకు లాక్కుందామని లేవబోయింది. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు, ఎదురుగా చర్చి పెద్దావిడ రాచెలమ్మగారు మోకాళ్ళ మీద తల నేలకి ఆనించి ఉంది, దాటడానికి దారి లేదు. జీవరాజు కళ్ళు మూసేశాడు.

"పరిశుద్ధుడవైన తండ్రీ, రేపొచ్చే వారి కళ్ళు నీ చేతిలో ఉన్నాయి. మధ్యగదిలో బీరువా ఎనకాల గోడ పగిలున్నాది ప్రభువా. నా చెయ్యి దూరతాది, నీకు తెలుసు. ఆ బీరువా జరపాలన్న తలంపు వారికి రానీకు తండ్రీ."

అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. వంటింటి స్లాబుని క్షమించమన్నాడు. కుట్టుమిషను మీద ఎవరి చెయ్యీ పడకుండా చూడమన్నాడు. బోరుకి ఒక్కపూటైనా దగ్గు తగ్గించమన్నాడు. వెనక తలుపు వానాకాలంలో ఉబ్బి మూసుకోదని తాతబ్బాయికి కూడా చెప్పలేదు, అది కూడా చెప్పేశాడు. గొలుగొండలో ఉన్న పుంజుకి మంచి దాణా దొరికి, రిజిస్ట్రేషనయ్యేదాకా ఇంటి మీద బెంగపెట్టుకోకుండా ఉండాలని కోరాడు. ప్రతి మాటకీ ముప్పై మందీ ఆమేన్ అన్నారు. హారను మంచిది, పాతబడలేదు, ఆమేన్లు కూడా వీధి చివరిదాకా వినిపించాయి.

వీధి చివర సోడా కొట్టు ఉంది. తెలివైన వాళ్ళు ఇల్లు కొనేముందు, పగలు చూడబోయే ఇంటి వీధిని ముందురోజు సాయంత్రం చెప్పకుండా వచ్చి చూసుకుంటారు. నీళ్ళెలా వస్తాయి, ఇరుగుపొరుగు ఎలాంటివాళ్ళు అని కొట్టువాడిని అడుగుతారు. రామచంద్రమూర్తీ కమలాంబా ఆ సమయానికి అక్కడే సోడాలు తాగుతున్నారు. కొట్టువాడిని ఏమీ అడగాల్సిన పని లేకపోయింది. ఈ సంగతి పరిమళకి మర్నాడు గానీ తెలియలేదు.

మర్నాడు పొద్దున్న ఇల్లు ధగధగలాడింది. ఫ్యాను తిరుగుతోంది, సాంబ్రాణి పొగకి తాతబ్బాయి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. రామచంద్రమూర్తి గుమ్మంలో చెప్పులు విడిచి, పెద్ద బల్బుని గానీ కొత్త రంగుని గానీ చూడకుండా సరాసరి మధ్యగదిలోకి వెళ్ళి బీరువా ముందు నిలబడ్డాడు. కాస్త జరుపుతారా అని తాతబ్బాయిని అడిగాడు. ఇద్దరూ కలిసి జరిపారు. రామచంద్రమూర్తి చొక్కా చెయ్యి పైకి మడిచి పగుల్లో చెయ్యి పెట్టి, ఆ, నాదీ దూరుతోంది అన్నాడు.

తర్వాత వంటింట్లోకి వెళ్ళి స్టవ్వు మీదికి తలెత్తి చూశాడు. కుట్టుమిషను పక్కకి లాగి, నాపరాయి మీద నిలబడి కాసేపు ఊగాడు, కొంచెం సరదాపడినట్టే కనిపించాడు. ఫ్యాను ఆపి, మళ్ళీ వేసి, మూలుగు విని తలూపాడు. జీవరాజు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఈయన గొప్ప ఇంజనీరై ఉంటాడు, గోడలోంచి చూసేస్తున్నాడు అని పరిమళ చెవిలో గొణిగాడు. అప్పుడు కమలాంబ పరిమళ వైపు తిరిగి, పుంజు గొలుగొండ నుంచి ఎప్పుడొస్తుందండీ అని ఎంతో మర్యాదగా అడిగింది.

పరిమళకి అంతా అర్థమైపోయింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. సిగ్గు సరే, యలమంచిలి ఇల్లు కళ్ళ ముందు నుంచి జారిపోయింది, దాని బదులు బస్సు కనిపించింది. తాతబ్బాయి అయితే, పుంజు సంగతి వీళ్ళకెవరు చెప్పారంటూ సింగన్నని తిట్టడం మొదలుపెట్టాడు.

కమలాంబ ఎవరూ చెప్పకుండానే అరుగు మీదికొచ్చి కూర్చుంది. "మేం చాలా ఇళ్ళు చూశామండీ. అన్నీ బంగారాలే, ఒక్క లోపం లేదన్నారు. జబ్బులేవిటో ముందే తెలిసింది ఈ ఒక్క ఇంటికే. రేటు కూడా అలాగే తేలిపోతే మేలు. మాకు చెప్పొద్దు, ఇంత అనకండి, అంత అనకండి. నిన్నటిలా మీ ప్రభువుకే చెప్పండి, మేం పక్కనుండి వింటాం."

తాతబ్బాయి కంగారుగా అడ్డుపడ్డాడు. బేరంలో దేవుణ్ణి తేవడం ఎక్కడా లేదన్నాడు. అప్పటికే జీవరాజు కళ్ళు మూతలు పడుతున్నాయి. మూడున్నరకి ఇచ్చేద్దామని మొగుడూ పెళ్ళాం ముందే అనుకున్నారు. ఈయన నోరు తెరిస్తే ఆ మూడున్నర రావడం ఖాయం. పరిమళ మొగుడి మోచెయ్యి పట్టుకుని ఆపింది. "ఇవాళ నేను చేస్తాను." ఆవిడ లెక్క ఆవిడకుంది. ఇరవై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన గొంతు, నాలుగు లక్షలని గట్టిగా, భక్తిగా చెప్పగలదు.

తల మీద కొంగు కప్పుకుంది. కళ్ళు మూసుకుంది. "తండ్రీ" అంది. నాలుగు అనబోయింది. ఆ మూసిన కళ్ళ లోపల చీకట్లో నాలుగు లేదు. బస్సే ఉంది.

"తండ్రీ, ఆ బస్సు నేనింకెక్కలేను. పొద్దున్న ఏమీ తినలేక ఖాళీ కడుపుతో పోతన్నాను. వాంతులని సెప్పుకోడానికి సిగ్గేసి, బళ్ళో అందరికీ ఉపవాస ప్రార్థనలో ఉన్నానని సెప్పాను. వారమంతా ఉపవాసమేనని హెడ్మాస్టరుగారు నన్ను చూసి లేచి నిలబడతన్నారు, దండం కూడా పెడతన్నారు. ఆకలికి పాఠం సెబుతుంటే కళ్ళు తిరుగుతున్నాయి. ఈ ఇంటికి మూడొచ్చినా సాలు ప్రభువా. జూన్లో నన్ను ఆ బస్సెక్కించకు."

పరిమళ కళ్ళు తెరిచింది. మూడున్నర కాస్తా మూడైపోయింది, అదీ తన నోటితోనే. కానీ జీవరాజు లెక్క వైపు చూడటం లేదు, ఆవిడ వైపే చూస్తున్నాడు. రోజూ టిఫిను డబ్బా తనే కట్టిచ్చేవాడు. ఇంటికొచ్చేసరికి ఖాళీగా ఉండేది, తిన్నదనుకునేవాడు. కండక్టరుకి ఇచ్చేసేదాన్నని పరిమళ చిన్నగా అంది. జీవరాజుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని సాంబ్రాణి మీదికి నెట్టేశాడు.

కమలాంబ మొగుడి వైపు తిరిగి, ఇక మీ వంతు అంది. మనకి ఈ పద్ధతులేమిటే అన్నాడు ఆయన. సింహాచలం అప్పన్న వినడా అంది ఆవిడ. రామచంద్రమూర్తి చేసేది లేక లేచాడు. సింహాచలం ఎటు వైపో తేల్చుకోవడానికి కాస్త టైము పట్టింది. జీవరాజు ఒక వైపు చూపించాడు, తాతబ్బాయి ఇంకో వైపు చూపించాడు. ఆయన రెండింటికీ మధ్యన తిరిగి, చేతులు జోడించి, కళ్ళు మూసుకున్నాడు.

"అప్పన్నా, మూడుకి మించి పైసా లేదని చెబుదామని వచ్చాను. నాలుగు వరకూ తెచ్చుకున్నాను స్వామీ. అద్దింటి ఓనర్లు పంపుకి తాళం వేసి మాకు నీళ్ళు ఆపేస్తున్నారు. ఈవిడకి నిన్న సాయంత్రమే ఈ ఇల్లు నచ్చేసింది. పుంజు కూడా నచ్చింది."

తాతబ్బాయి కళ్ళు తేలేశాడు. అమ్మేవాడి ఆఖరి రేటూ కొనేవాడి ఆఖరి రేటూ ఒకే అరుగు మీద పక్కపక్కన కూర్చోవడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మధ్యలో ఆపుదామా అంది కమలాంబ. పరిమళ తల ఊపింది. మూడున్నరకి ఖాయమైంది. ఆ తర్వాత నలుగురూ ఒకేసారి తాతబ్బాయి వైపు తిరిగారు. రెండు పక్కలా కమీషను ఎంతెంత మాట్లాడుకున్నావో నువ్వూ ఒకసారి కళ్ళు మూసుకుని చెప్పమన్నాడు రామచంద్రమూర్తి. తాతబ్బాయి చెప్పులేసుకుంటూ, "నాను కళ్ళు మూయకూడదండీ, డాక్టరు మందేసేడు" అన్నాడు.

జూన్‌లో బడి తెరిచిన రోజు పరిమళ యలమంచిలి పెంకుటింట్లో పీట మీద కూర్చుని, పల్లీ చట్నీతో కడుపునిండా ఇడ్లీలు తిని, నడుచుకుంటూ బడికి వెళ్ళింది. జీవరాజు ఆవిడని గుమ్మం దాకా సాగనంపి, షాపు తెరవడానికి నర్సీపట్నం బస్సెక్కాడు. మొదటి ఇంటర్వెల్లో ఆవిడ డబ్బా తీసి అట్టు తింటుంటే హెడ్మాస్టరుగారు వరండాలోంచి చూసి ఆగిపోయారు. దండం పెట్టబోయిన చేతులు సగంలో దించేశారు.

"ఏటి పరిమళగారూ, సెలవుల్లో భక్తి తగ్గిపోనాదా?" అని ఎంతో బాధగా అడిగారు.

"తగ్గిందండీ," అంది పరిమళ, ఇంకో ముక్క తుంచుకుంటూ.