నవారు మంచం మీద పెద్దది

ఉదయం ఆరు. మబ్బు పట్టి ఉంది, వాన లేదు. ఆకు కదలడం లేదు. మల్కాపురం అంతా ఉక్కపోత.

కాంతం గుడ్లు ఉడకబెట్టి ఒలుస్తోంది. తెల్లసొన కూతురికి, పచ్చసొన అత్తకి. పాలవాడు గేటు తెరుచుకుని వచ్చి, వరండాలో నవారు మంచానికి తగలకుండా గోడవారగా నడిచి, గిన్నెలో పాలు పోశాడు. మంచం మీద ఎవరూ లేరు. నవారు మాత్రం నడుమ కిందికి దిగి, నేలకి బెత్తెడు ఎత్తులో ఉంది.

"పెద్దది ఇంకా లెగనేదేటి?" అంది అత్త చిలకమ్మ పళ్లు తోముకుంటూ.

"రాత్రంతా నిద్దర్నేదు దానికి," అన్నాడు పాలవాడు. "మంచం కిర్రుకిర్రుమంటే మా ఇంటిదాకా ఇనబడింది."

పెద్దది అంటే కాంతం కూతురు శ్రీసత్య బరువు. పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ అయ్యాక శ్రీసత్య ఒంట్లోంచి అరవై కిలోలు పోయాయి. పోయినవి ఎక్కడికీ పోలేదు. బరువు మిషను మీద ముల్లు వెనక్కి జరిగే కొద్దీ వరండాలో నవారు కిందికి దిగింది. మొదట పిల్లి కూర్చున్నంత. తర్వాత చంటిపిల్ల పడుకున్నంత. చివరికి నిండు మనిషంత. గుమ్మం ముందు ఊగే నాపరాయి ఒకటుంది. ఎవరు తొక్కినా టక్కుమంటుంది. సాయంత్రం శ్రీసత్య ఆఫీసు నుంచి వచ్చినప్పుడు రెండుసార్లు టక్కుమనేది.

చలి రోజుల్లో చిలకమ్మ దానికి దుప్పటి కప్పేది. ఒకసారి టీ కూడా పెట్టబోయింది.

"నానమ్మా! పంచదారేసి ఇస్తన్నావా దానికి? మళ్లీ పెరిగితే ఎవరు మొయ్యాలి?" అని అరిచింది శ్రీసత్య.

"నువ్వు మొయ్యవు కదే గుంటా. మంచం మోత్తాది."

కాంతం నవ్వలేదు. ఆ మంచం వైపు చూడటమే ఆమెకి ఇష్టం ఉండదు. స్కూల్లో పిల్లలు ఏడిపించింది దాని వల్లే. రెండు సంబంధాలు గుమ్మంలోంచే తిరిగిపోయింది దాని వల్లే. ఇప్పుడు ఒంటి మీంచి దిగి కూడా ఇల్లు వదలదు.

కాంతంకి ఒక అలవాటుంది. దీపాలు పెట్టేవేళ వరండాలో నిలబడి, ఇల్లు చేరినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంది. అత్త. ఆయన. సత్య. ఆయన, గంగాధరరావు, పోర్టులో క్రేను నడుపుతాడు. అంత ఎత్తున పని. అందుకే ఆ ఇంట్లో ఎవరూ 'పోతాను' అనరు. గడప దాటేవాళ్లు "ఎల్లొత్తాను" అనాలి. ఉన్నవాళ్లు "ఎల్లిరా" అనాలి. మరిచిపోతే గంగాధరరావు వీధి చివరినుంచి స్కూటర్ తిప్పుకొచ్చి మరీ ఆ మాట చెప్పేవాడు. పెద్దదానికి మాత్రం కాంతం ఏ రోజూ ఏ మాటా చెప్పలేదు. లెక్కలోనూ వేసుకోలేదు.

ఆ మర్నాడే శ్రీసత్యకి రెండో ఆపరేషన్.

బరువు పోయింది గానీ అది ఉన్న చోటు మిగిలిపోయింది. పొట్ట మీద చర్మం మడతలుగా వేలాడేది. చెమటకి మడతల్లో ఒరిసి పుండ్లు పడేవి. పొద్దున్నే కాంతం ఆ మడతలెత్తి తుడిచి పౌడర్ వేసి, మధ్యలో పాత నూలు చీర ముక్కలు పెట్టేది. శ్రీసత్య గోడకేసి తిరిగి నిలబడేది. కూతురికి ఇరవై ఎనిమిదేళ్లు. ఆ వయసు పిల్లకి అమ్మ చేసే పని కాదది.

ఒకరోజు సిటీ బస్సులో ఎవరో పెద్దావిడ లేచి సీటిచ్చింది. "కూకో అమ్మా, ఎన్నో నెల?" అంది. శ్రీసత్య కూర్చుంది. దిగవలసిన చోట దిగలేదు. ఆఖరి స్టాపుదాకా వెళ్లి, అక్కడినుంచి నడిచి ఇంటికొచ్చి, "అమ్మా, ఇది కోయించుకుంటాను," అంది.

డాక్టరు చాలా చెప్పాడు. బరువు ఆరు నెలలపాటు పెరగకూడదు, తగ్గకూడదు. రక్తం పట్టాలి. చర్మం కోసేశాక లోపల ట్యూబులుంటాయి, ఒంటికి బిగుతు బెల్టు ఉంటుంది, కొన్ని రోజులు వంగే నడవాలి. ఎక్కడో వెయ్యిలో కొందరికి కాలి నరంలో రక్తం గడ్డ కట్టొచ్చు. కాంతంకి ఆ చివరి మాటే మిగిలింది. గడ్డ. ఆరు నెలలు గుడ్లు ఒలుస్తూ, పాలకూర కోస్తూ, ఆ ఒక్క మాటే నమిలింది.

ఆపరేషన్ నాడు ఆటోలో ముగ్గురు ఎక్కారు. తల్లి, తండ్రి, కూతురు. ఆటో ఒక పక్కకి ఒరిగింది.

"అమ్మా, పెద్దమ్మాయిగార్ని నడుమకి జరగమనండి. టైరు రాసుకుపోతంది," అన్నాడు ఆటో అతను.

"జరగవే," అంది శ్రీసత్య. ఆటో సర్దుకుంది.

ఆస్పత్రిలో బరువు చూసే మిషను మీద ముల్లు గిర్రున తిరిగింది. నర్సు కళ్లద్దాలు సర్దుకుని, "ఆవిడ్ని దిగమనండమ్మా. పేషెంటు ఒక్కరే ఎక్కాలి," అంది. పెద్దది దిగింది. కానీ ట్రాలీ మీద శ్రీసత్యని పడుకోబెట్టి థియేటరుకి తీసుకెళుతుంటే, తలుపు దగ్గర చక్రాలు ఆగిపోయాయి. ఇద్దరు నెట్టినా కదల్లేదు. లోపలినుంచి డాక్టరు పిలుస్తున్నాడు. గంగాధరరావు మందుల కౌంటర్ దగ్గర ఉన్నాడు. కాంతం ట్రాలీ మీద కూతురి పక్కనున్న ఖాళీ చోటుకేసి తిరిగింది.

"పో," అంది.

నెట్టేవాళ్లు ఆగారు.

"నా గుంటని ఒదిలీసి పో. ఇంక ఈ ఇంటికి రాకు."

చక్రాలు కదిలాయి. ఎంత తేలిగ్గా కదిలాయంటే ట్రాలీ తలుపుకి గుద్దుకుంది.

"ఏటన్నావమ్మా?" అంది శ్రీసత్య తల ఎత్తి. తలుపులు మూసుకున్నాయి. శ్రీసత్య 'ఎల్లొత్తాను' అనలేదు. కాంతం 'ఎల్లిరా' అనలేదు.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. శ్రీసత్య ఇంటికొచ్చింది. నడుమునుంచి రెండు ట్యూబులు, వాటి చివర గుప్పెడేసి డబ్బాలు, వాటిలో ఎర్రటి నీళ్లు. ఒంటికి బెల్టు. మోకాళ్ల కింద తలగడలు. నిలబడితే ముందుకి వంగిపోయేది.

"నా కన్నా ముసిల్దానివైపోనావు కదే," అంది చిలకమ్మ. "నా కర్ర ఇత్తాను, తీసుకో. మల్లీ ఇచ్చీ."

"నవ్వించకు నానమ్మా, కుట్లు లాగుతన్నాయి."

"బాలింతకి కట్టినట్టు బలేగా కట్టార్లే. పిల్లే నేదు."

ట్యూబులు తీసిన రోజు శ్రీసత్య అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడింది. తల వంచి కిందికి చూసింది. తర్వాత, "అమ్మా, నా కాళ్లు నాకు కనబడతన్నాయి," అంది.

వరండాలో నవారు బల్లలా బిగిసి ఉంది. చిలకమ్మ దాని మీద చెయ్యేసి చూసింది.

"పెద్దదేదే?"

కాంతం చెప్పింది.

చిలకమ్మ మొహంలో నవ్వు పోయింది. "పో అన్నావా?" అంది. అంతే. ఆ పూట అన్నం సరిగా తినలేదు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం గంగాధరరావు బి షిఫ్టుకి వెళ్లాడు. "ఎల్లొత్తాను" అన్నాడు. "ఎల్లిరా నాన్నా" అంది శ్రీసత్య మంచం మీంచే. పొద్దుటినుంచి ఎడం పిక్క లాగుతోందంది. మంచం మీద ఉండి పట్టేసిందనుకున్నారు. నాలుగు దాటాక కాంతం బత్తాయి రసం తీసుకుని వెళ్లేసరికి శ్రీసత్య లేచి కూర్చుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి.

"అమ్మా. ఊపిరాడట్లేదు."

గ్లాసు ఎక్కడ పెట్టిందో కాంతంకి తర్వాత గుర్తులేదు.

ఆస్పత్రిలో చూసి, పిక్కలో గడ్డ కట్టి, అది కదిలి ఊపిరితిత్తికి చేరిందన్నారు. ఐసీయూలో పడుకోబెట్టారు. ముక్కుకి గొట్టం, చేతికి సూదులు. "గడ్డ కరగడానికి మందిచ్చాం. అది పనిచేసేదాకా పాప పట్టుకుని ఉండాలి," అన్నాడు డాక్టరు. దేన్ని పట్టుకోవాలో చెప్పలేదు.

కాంతం మంచం పక్కన నిలబడింది. దుప్పటి మీద ముడత లేదు. పరుపు మీద గుంట లేదు. మనిషి పడుకున్నట్టే లేదు.

"అమ్మా," అంది శ్రీసత్య. గొంతు దూరంగా ఉంది. "తేలిపోతన్నట్టుంది. నన్ను పట్టుకో."

కాంతం రెండు చేతులా ఆమె మణికట్టు పట్టుకుంది. చేతిలో ఏమీ ఉన్నట్టు లేదు. దూది. గట్టిగా నొక్కింది. ఆ చెయ్యి పరుపు మీద నిలవకుండా మెల్లగా పైకి లేస్తోంది.

గంగాధరరావుకి అంతకుముందే పదిసార్లు ఫోన్ చేసింది. పనిలో ఉంటే ఎత్తడు. ఇప్పుడు తనే చేశాడు. కాంతం ఒక చేత్తో మణికట్టు పట్టుకునే ఫోను ఎత్తింది.

"ఇప్పుడే సూశాను కాంతం. ఏటైంది?"

చెప్పింది. అవతల గాలి హోరు.

"దిగి వచ్చెత్తన్నాను," అన్నాడు. "ఒక మాట. సత్య ఆపరేషనైన కాణ్నించీ నా క్రేను ఖాళీ హుక్కు మీద అరవై కిలోలు సూపిత్తంది మీటరు. మెకానిక్కొచ్చాడు. ఇది రిపేరు కాదు బావా, మీ ఇంటి మనిషి, నాను తియ్యలేను అనీసి ఎల్లిపోనాడు."

"అక్కడెందుకుంది?"

"ఇంటికి రావద్దన్నావు కదా. ఎక్కడికెల్తాది?"

"పంపించండి. బేగి పంపించండి."

"నాను సెప్తే కదల్దు. పో అన్నది నువ్వు. నువ్వే పిలు."

ఫోను క్రేను కిటికీలోంచి బయటికి పెట్టినట్టున్నాడు. గాలి హోరు పెరిగింది. కింద ఎక్కడో ఓడ కూత.

"పెద్దదానా," అంది కాంతం. ఆ మాట సరిగా లేదనిపించింది. ఇరవై ఎనిమిదేళ్లు తను వండి పెట్టింది దానికే. జ్వరాలొస్తే భుజాన వేసుకుని తిరిగింది దాన్నే. నిద్దట్లో తన మీద కాలేసింది అదే.

"సత్యా," అంది. "తప్పు మాటన్నాను తల్లీ. ఎల్లిరా అనాల్సింది. ఎల్లావు కదా, ఇంక రా. నావల్ల అవట్లేదు. దాన్ని పట్టుకోడం నావల్ల అవట్లేదు. రా అమ్మా."

హోరు. చాలాసేపు హోరు.

"మీటరు సున్నాకొచ్చింది," అన్నాడు గంగాధరరావు.

కాంతం కూతురి మణికట్టు వదల్లేదు. అది సముద్రం మీంచి పోర్టు గేట్లు, రైలు పట్టాలు, సింధియా జంక్షన్ దాటుకుని రావాలి. బస్సు ఎక్కిందో, నడిచే వస్తోందో. శ్రీసత్య మోచెయ్యి కూడా పైకి లేచింది. కళ్లు మూతపడుతున్నాయి.

"సత్యా, కళ్లు తెరు. అదొచ్చేత్తంది. కళ్లు తెరవ్వే."

ఆస్పత్రి కింది అంతస్తులో లిఫ్ట్ కీచుమంటూ మోగడం మొదలెట్టింది. లిఫ్టులో నర్సు ఒక్కతే ఉంది. లోపల ఓవర్‌లోడ్ అని ఎర్ర దీపం వెలుగుతోంది. నర్సు పక్కకి చూసి, "మీరెళ్లండమ్మా, నాను మెట్లెక్కి వస్తాను," అని దిగిపోయింది. తలుపులు మూసుకున్నాయి. లిఫ్ట్ పైకొచ్చింది.

నేల మీద పలకలు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. ఐసీయూ తలుపు తెరుచుకుంది. పరుపు అంచు, శ్రీసత్య కాళ్ల దగ్గర, మెల్లగా కిందికి దిగింది.

మెట్లెక్కి వచ్చిన నర్సు రొప్పుతూ, "పేషెంటు దగ్గర ఒక్కరే ఉండాలి. మీరిద్దరున్నారు," అంది.

కాంతం కూతురి మొహం చూసింది. పరుపు మీద ఆ గుంట చూసింది. మణికట్టు వదిలింది.

"ఇదే ఉంటుంది," అంది. "నాను బయటుంటాను."

అద్దంలోంచి చూసింది. పరుపు ఇంకా కిందికి దిగింది, కాళ్ల దగ్గర్నించి పక్కకి, పక్కనించి భుజం దాకా. దుప్పటి రెండు వైపులా బిగిసింది. గాల్లో ఉన్న చెయ్యి దిగింది. దిగి, పరుపులో గుంట పడేలా ఆనింది. లోపల గుండె చూసే మిషను ఎప్పటిలాగే బీప్ బీప్‌మంటోంది. కాంతం అద్దానికి నుదురు ఆనించి అలాగే ఉండిపోయింది. గంగాధరరావు వచ్చి పక్కన నిలబడ్డాడు.

తెల్లారాక డాక్టరు బయటికొచ్చి, "పాప పట్టుకుంది," అన్నాడు.

పరుపు మామూలుగా ఉంది. శ్రీసత్య బరువుకి ఎంత దిగాలో అంతే దిగి ఉంది.

"ఆవిడేరి?" అంది కాంతం.

"మీ అమ్మాయి నిద్రపోయాక వెళ్లిపోయారండి. చెప్పలేదు," అంది నర్సు.

ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం చిరుజల్లు. ఆటో ఏ పక్కకీ ఒరగలేదు. నాపరాయి మూడుసార్లే టక్కుమంది. చిలకమ్మ పసుపు సున్నం కలిపిన ఎర్రనీళ్లతో దిష్టి తీసి వీధిలో పారబోసింది. "కర్ర నాదే, మల్లీ అడక్కు," అంది మనవరాలితో. కళ్లు తుడుచుకుంది. శ్రీసత్య ఖాళీ నవారు మంచం దగ్గర కాస్త ఆగి, దాని పట్టె మీద చెయ్యేసి లోపలికెళ్లింది.

దీపాలు పెట్టే వేళైంది. కాంతం వరండాలో నిలబడింది. అత్త. ఆయన. సత్య. నాలుగో వేలు ముడవలేదు. గేటు గొళ్లెం వెయ్యలేదు.

"ఎవరికోసమే?" అంది చిలకమ్మ. "లోపలికి రా. దోమలు."

"కాసేపుంటాను అత్తా."

వీధి దీపాలు వెలిగాయి. జల్లు ఆగింది. వెళ్లేవాళ్లు వెళుతున్నారు, వచ్చేవాళ్లు వస్తున్నారు. గేటు ఎవరూ తోయలేదు. కాంతం తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. కాళ్లు లాగుతున్నాయి.

గేటు కిర్రుమంది. నాపరాయి టక్కుమంది. అలిసిపోయిన మనిషి కూలబడినట్టు నవారు ఒక్కసారిగా కిందికి దిగింది.

కాంతం లోపలికెళ్లి దుప్పటి తెచ్చి కప్పింది. గేటు గొళ్లెం వేసింది. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

అత్త. ఆయన. సత్య. సత్య.