మంచు దులిపే తాడు

తోటపల్లి గూడూరు మండలం చివర, రొయ్యల గుంటలు అయిపోయి ఇసుక నేల మొదలయ్యే చోట మగ్దలీనమ్మ ఇల్లు ఉంది. అక్టోబరు వచ్చిందంటే అక్కడ తెల్లవారడం అంత సులువుగా జరగదు. సముద్రం మీద నుంచి మంచు లేచి వచ్చి గుంటలను కప్పేస్తుంది. గుంటల నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరిగే చప్పుడు వినిపిస్తుంది కానీ ఏరియేటరు కనబడదు. ఎవరో దగ్గుతారు, మనిషి కనబడడు. లోకమంతా సగం నిద్రలో ఉండి, లేవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉంటుంది.

మగ్దలీనమ్మ మాత్రం ఆ వేళకే లేచి ఇంటి వెనక్కి నడిచేది. అక్కడ మూడు సెంట్ల ఇసుకలో తెల్ల చామంతి వేసింది. నవంబరు రెండున సమాధుల పండుగ. మే నెలలో పోయిన భర్త జకరయ్యకు అది మొదటి పండుగ. పోయే ముందు వారం ఆయన తన చేత్తో విడదీసి, గోడ నీడన తట్టల్లో పెట్టిపోయిన పిలకలవి. ఆ పూలే ఆయన సమాధి మీద పెట్టాలని ఆమె పంతం. నెల్లూరు పూలంగడిలో బుట్టలకొద్దీ దొరుకుతాయని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్లు మండేది.

జకరయ్య గుంటల మోటార్లు బాగుచేసే మెకానిక్. గోళ్ల సందుల్లో గ్రీజు, అదే చేతుల్లో చామంతి. ఊళ్లో ఆడవాళ్ల జడలన్నిటికీ ఆయన పూలే, ఒక్క ఆయన పెళ్లాం జడకు తప్ప. మగ్దలీనమ్మ పుట్టింటివాళ్లది పువ్వు, బొట్టు, బంగారం ఏదీ ముట్టని ప్రార్థనా మందిరం. పెళ్లయి ముప్పై నాలుగేళ్లయినా ఆదివారం వస్తే ఆయన గంట ఉన్న చర్చికి, ఆమె గంట లేని మందిరానికి. పెట్టుకోమని ఆయన ఏనాడూ అడగలేదు. పెట్టుకుంటానని ఆమె ఏనాడూ అనలేదు. పైగా పూలు తింటామా, ఆ చోట నాలుగు వంగ మొక్కలేస్తే కూరన్నా అయ్యేది అని సణిగేది. ఇప్పుడా సణుగుడు గుర్తొస్తే తన నాలుక మీద తనకే కోపం వస్తుంది. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు నోటికి రాని మాట, మనిషి పోయాక గొంతులో పీట వేసుకుని కూర్చుంటుంది. అదేం న్యాయమో దేవుడికే తెలియాలి.

చచ్చినవాళ్లకు పూలెందుకని మందిరంలో పెద్దలు అననే అన్నారు. ఆమె వింది, తల ఊపింది, ఇంటికొచ్చి చామంతికి నీళ్లు పోసింది.

అయితే నాటడం తనకు తెలిసినట్టే నాటింది. పదిహేనో ఏట నుంచి వరినాట్లు వేసిన చేయి అది. వంగితే చాలు, కళ్లతో పని లేకుండా అంత దూరాన ఒకటి, అంత దూరాన ఒకటి పెట్టుకుంటూ పోతుంది. వరికి సరిపోయే ఎడం చామంతికి ఎక్కడ సరిపోతుంది? సెప్టెంబరు కల్లా మడంతా ఆకులు ఒకదాన్నొకటి కావలించుకుని, కింద నేల కనబడకుండా మూసుకుపోయింది. ఆమె అది చూసి మురిసిపోయింది. ఆయన వేసినప్పుడు కూడా ఇంత ఒత్తుగా రాలేదని గర్వపడింది కూడా.

మొగ్గలు వచ్చాయి. అక్టోబరు రెండో వారంలో ఒక ఉదయం, మడి నడుమ ఒక మొగ్గ కాఫీ రంగుకు తిరిగి కనిపించింది. వేలితో తాకితే మెత్తగా అణిగింది. దాని మీద సన్నటి బూడిద రంగు బూజు. పక్కనే ఇంకొకటి. మగ్దలీనమ్మ వేళ్ల మీద లెక్కేసింది. పండుగకు ఇంకా ఇరవై రోజులే ఉంది.

మంచు నిలిస్తే మొగ్గ కుళ్లుతుందని జకరయ్య అంటుండేవాడు. ఆమెతో అన్నాడని కాదు, గడపలో కూర్చుని కాఫీ తాగుతూ గాలితో చెప్పినట్టు చెప్పేవాడు. ఆమె వినపడనట్టు అంట్లు తోముకుంటూ అంతా వినేది. తెల్లవారగానే ఆయన మడి మీద తాడు లాగేవాడు. వరినారులో పురుగు రాలడానికి లాగినట్టే, కాకపోతే మొగ్గలు విరగకుండా తాడుకు తన పాత పంచె చుట్టేవాడు. ఆమె అటకెక్కి ఆ తాడు తీసింది. కుళ్లిన రెండు మొగ్గలూ గిల్లేసి, ఒక కొస కంచె గుంజకు కట్టి, రెండో కొస తను పట్టుకుని మడి చుట్టూ నడిచింది. తాడు వెళ్లిన మేర ఆకుల మీది మంచు జలజలా రాలింది. మంచులో అటు కొస కనబడలేదు. గుంజే పట్టుకుందో, మనిషే పట్టుకున్నాడో తెలియలేదు. తెలియకపోవడమే ఆమెకు బాగుంది.

అంతలో అల్పపీడనం అన్నారు, మూడు రోజుల వాన అన్నారు. ఆ మాట వినగానే ఆడపడుచు కరుణాకుమారి పరుగున వచ్చింది. జకరయ్యకు ఒక్కగానొక్క చెల్లెలు. మొగుడితో కలిసి పక్క ఊళ్లో రొయ్యల గుంట కౌలుకు చేస్తుంది. టీవీఎస్ బండి వెనుక పెద్ద నల్లటి చుట్ట కట్టుకొచ్చింది. గుంట అడుగున నీళ్లు ఇంకకుండా పరిచే ప్లాస్టిక్ పట్టా అది.

"చుక్క నీళ్లు దిగవొదినా. మా గుంటలో నాలుగేళ్లు పనిచేసుండాది. అన్న పూలు తడవనిస్తామా," అంది.

ఇద్దరూ కర్రలు పాతి పట్టా కప్పి, నాలుగు పక్కలా ఇసుక మూటలు పెట్టారు. రొయ్యల మీద బతికేవాళ్లకు నీళ్లు బయటికి పోకుండా చూడటం బాగా తెలుసు. చామంతికి కావలసింది సరిగ్గా దాన్ని తిరగేసిన విద్య అని ఇద్దరికీ తట్టలేదు. మూడు రోజులూ వాన పట్టా మీద తాళం వేస్తుంటే మగ్దలీనమ్మ లోపల పడుకుని, పూలు పొడిగా ఉన్నాయని హాయిగా నిద్రపోయింది. కలలో ఆయన గ్రీజు చేతులతో మడిలో తిరుగుతున్నాడు. ఏదో చెబుతున్నాడు కానీ వాన చప్పుడులో వినిపించలేదు.

నాలుగో రోజు పట్టా ఎత్తితే లోపలి నుంచి వెచ్చటి ఆవిరి ముఖానికి కొట్టింది. ఉడికిన ఆకు వాసన. మొక్కలు తమ చెమటలో తామే నానిపోయాయి. మడి నడుమంతా సాలెగూడు పరిచినట్టు బూజు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. కరుణాకుమారి ఇసుకలో కూలబడి ఏడ్చింది.

"నా చేతులారా అన్న పూలు చంపేసినా వదినా."

మగ్దలీనమ్మకు కోపం వచ్చింది. నిజంగానే వచ్చింది. ఏదో అనబోయింది కూడా. కానీ పట్టా అందక బయట మిగిలిపోయిన అంచు వరస మీద ఆమె చూపు పడింది. బయటి వైపు మొక్కలు వానలో తడిసీ పచ్చగా, గట్టిగా నిలబడి ఉన్నాయి. వాటికి ఒక పక్కన్నా గాలి ఉంది. గడపలో కూర్చుని చెప్పే జకరయ్య గొంతు అప్పుడు గుర్తొచ్చింది. నీళ్లు వేరుకు పొయ్యాల, తల తడవగూడదు, తడిసినా గాలాడాల, గాలాడితే ఏమీ కాదు.

"నువ్వు కాదులే కరుణా," అంది నెమ్మదిగా. "నేను వరి నాటినట్టు నాటినా. వాటికి ఊపిరాడేదానికి చోటే లేకుండా చేసినా. పట్టా మూడు రోజులే కప్పింది. నేను నాలుగు నెలలు కప్పినా."

"ఇప్పుడేం చేద్దాం మరి?"

"సగం పీకేద్దాం."

కరుణాకుమారి నోరు తెరిచింది. బాగున్నవి కూడానా అని అడిగింది. బాగున్నవి కూడా అని మగ్దలీనమ్మ చెప్పింది. చెప్పడం తేలికే. మొదటి మొక్క మొదలు పట్టుకున్నాక చేయి కదల్లేదు. మొగ్గ తొడిగిన మొక్క, వేరు దగ్గర ఇంకా ఆయన విడదీసిన గాటు ఉంది. దాన్ని పీకడమంటే ఆయన చేతిలోంచి తన చేతిని తనే లాక్కోవడంలా అనిపించింది. కళ్లు మూసుకుని పీకింది. రెండోది పీకింది. వరస విడిచి వరస పీకుతూ పోయింది. ఏడుస్తూనే పీకింది, దాచుకోలేదు. కరుణాకుమారి కుళ్లిన మొగ్గలన్నిటినీ బూజు ఎగరకుండా మెల్లగా తుంచి సంచిలో వేసి, మూతి కట్టి, దూరంగా తీసుకెళ్లి పాతిపెట్టి వచ్చింది. మిగిలిన మొక్కలకు కింది ఆకులు దూశారు. సాయంత్రానికి మడి చిక్కిపోయి దిగులుగా కనిపించింది. కానీ సముద్రపు గాలి ఈ పక్క దూరి ఆ పక్క తేలింది.

మరుసటి రోజు నుంచి కరుణాకుమారి తెల్లారేసరికి బండి వేసుకుని వచ్చేది. ఒక కొస ఆమె, ఒక కొస మగ్దలీనమ్మ. మడికి అటొకరు ఇటొకరు నిలబడి తాడు లాగేవాళ్లు. ఒక ఉదయం మంచు ఎంత దట్టంగా దిగిందంటే, తన చేతిలోంచి బయలుదేరిన తాడు రెండు గజాల అవతల తెల్లదనంలోకి వెళ్లి మాయమైంది. ఏరియేటర్ల హోరు కూడా ఎక్కడో నిద్రలో వినిపిస్తున్నట్టు ఉంది. తాడు అటు నుంచి మెత్తగా గుంజింది. ఆ మెత్తదనం మగ్దలీనమ్మకు ముప్పై నాలుగేళ్లుగా తెలుసు. ఆమెకు భయం వేయలేదు. ఎన్నో నెలల తర్వాత ఒళ్లంతా తేలికైంది.

"ఏమయ్యా," అంది ఆ తెల్లదనంలోకి. "నీ పువ్వు ఒక్కటన్నా పెట్టుకోలేదని నీకు బాధుండిందా? ఉండే ఉంటది. అడగొచ్చు గదా. అడిగుంటే తిట్టేదాన్నే అనుకో. తిట్టినా, పెట్టుకునేదాన్నేమో."

తాడు కాసేపు కదలకుండా బిగువుగా నిలిచింది. తర్వాత మళ్లీ మెల్లగా గుంజింది. రాలిన మంచు ఇసుకలో ఇంకిపోయింది. ఎండ పొడిచి మంచు విడిపోయాక అవతలి కొస దగ్గర కరుణాకుమారి తల వంచుకుని తాడు చుట్టుకుంటూ కనిపించింది. మగ్దలీనమ్మ తన కొస తెచ్చి ఆమె చేతికిచ్చింది.

మళ్లీ అక్కడొకటి ఇక్కడొకటి బూజు వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే తుంచారు. చివరికి పండుగనాటికి ఒక చిన్న బుట్ట నిండింది. మూడు సెంట్ల మడికి అది చాలా తక్కువ. కానీ ప్రతి పువ్వూ గట్టిగా, రేకు రేకు విడివిడిగా, తెల్లగా ఉంది.

సమాధుల తోట సరుగుడు తోపు పక్కన ఉంది. సున్నం వేసిన సిలువలు, కొవ్వొత్తులు, జనం. జకరయ్య సమాధి మీద మగ్దలీనమ్మ పూలు ఒక్కొక్కటే పేర్చింది. పేరుస్తుండగానే సముద్రం వైపు నుంచి సన్నటి తుంపర మొదలైంది. కొవ్వొత్తులు చిటపటమన్నాయి. అందరూ చీరకొంగులు, రుమాళ్లు తల మీద వేసుకున్నారు. ఆమె చేతిలో ఆఖరి పువ్వు మిగిలింది. పెట్టబోయి ఆగింది. సమాధి మీద పేర్చిన పూల గుండెల్లో అప్పుడే నీళ్లు నిలుస్తున్నాయి.

"పెట్టొదినా, వాన పెద్దదయ్యేట్టుంది," అంది కరుణాకుమారి.

మగ్దలీనమ్మ పెట్టలేదు. పువ్వును తలకిందులు చేసి మెల్లగా దులిపింది. ఇన్నాళ్లూ తల తడవకుండా కాపాడిన పువ్వును తెలిసి తెలిసి వానలో పెట్టడానికి ఆమె చేయి ఒప్పుకోలేదు. చుట్టూ చూసింది. తడి లేని చోటు ఎక్కడా లేదు. సమాధి తడి, బుట్ట తడి, చెయ్యి తడి. కొంగు కింద తన తల ఒక్కటే పొడిగా ఉంది.

ఆమె కొంగు కాస్త ఎత్తి, ఆ పువ్వును తన ముడిలో గుచ్చుకుంది. అలవాటు లేని చేయి కాబట్టి పక్కకు జారింది. రెండు సమాధుల అవతల, పూలు లేకుండా ఉత్త ప్రార్థనకే వచ్చిన మందిరం పెద్దల ఇంటి ఆడవాళ్లు ప్రార్థన ఆపి చూస్తున్నారు. ముత్తైదువగా ఉన్నన్నాళ్లూ పెట్టుకోని పువ్వు, మొగుడు పోయాక, మొగుడి సమాధి దగ్గర. కరుణాకుమారి ముందు వాళ్ల వైపు చూసింది, తర్వాత వదిన వైపు చూసింది. తన జడలోంచి పిన్ను ఒకటి తీసింది.

"వంగు," అంది.

మగ్దలీనమ్మ భర్త సమాధి ముందు తల వంచింది. కరుణాకుమారి పువ్వు సరిచేసి, పిన్ను గుచ్చి, మీద కొంగు కప్పబోయింది.

"నిండా మూయబాక," అంది మగ్దలీనమ్మ. "కాస్త గాలాడనీ."