సుద్దగీత

మా స్టీల్ ప్లాంటు క్వార్టర్స్‌లో మగాళ్లకి రకరకాల సరదాలు. కింది ఇంటాయన చేపలతొట్టె పెట్టుకున్నాడు, ఎదురింటాయన పాత బుల్లెట్టుని ఆదివారమంతా తుడుస్తూ కూర్చుంటాడు. మా ఆయన ఎల్లారావు పొక్లెయిన్ కొన్నాడు. బొమ్మ కాదు, మట్టి తవ్వే నిజం పొక్లెయినే. నలభై ఏళ్ల నాటిది. మూతబడ్డ క్వారీలో తుప్పు పట్టి, డ్రైవరు సీట్లో తొండలు కాపురం పెట్టి ఉంటే తుక్కు ధరకి తెచ్చాడు.

నేను ఊరుకోలేదు. ఉక్కునగరంలో మా సెక్టారు మొత్తానికి వినబడేలా అరిచాను. ఆ తర్వాత నా నోరు నేనే మూసుకున్నాను. దానికో కారణముంది.

మా మామగారు వీరన్న అలాంటి యంత్రం మీదే ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేశాడు. ఆయన పోయాక మా ఆయన తాగుడు మొదలెట్టాడు. షిఫ్టు దిగిన మనిషి ఎక్కడ పడున్నాడో రెండేళ్లపాటు నేనే వెతుక్కుని తెచ్చుకున్నాను. ఒకసారి గాజువాకలో బట్టల షాపు మెట్ల మీద, చెప్పులు తలకింద పెట్టుకుని దొరికాడు. పొక్లెయిన్ వచ్చిన రోజు నుంచీ సీసా ముట్టలేదు. నేను ఒట్టు వేయించుకోలేదు, ఏడవలేదు. ఇంజను విప్పి పళ్లేల్లో పేర్చుకుని కూర్చున్నవాడికి తాగడానికి తీరిక లేదు, అంతే. ఆ తుప్పుముద్దకి నేను లోలోపల దణ్ణం పెట్టుకున్నాను.

అగనంపూడి దగ్గర మాకున్న ఖాళీ స్థలంలో దాన్ని పెట్టాడు. సిగరెట్లు మానేసిన డబ్బు, ఓవర్‌టైము డబ్బు, అంతే దాని ఖర్చుకి. సీటు ఏదో చచ్చిపోయిన లారీది. ఆయిలు గొట్టాలు ఇంకో బండివి. వాటిని అతికించి బతికించిన మనిషి కరీం బాషా. కంచరపాలెంలో షెడ్డుంది, ఇలాంటి బళ్లకి డాక్టరని పేరు. ఆదివారాలు కూలి తీసుకోకుండా వచ్చేవాడు, నా చేతి చేపల పులుసు మాత్రం అడిగి మరీ తినేవాడు.

పగులు చూసింది కూడా అతనే. బకెట్టుని మోసే పొడుగాటి చేతిని వాళ్లు బూమ్ అంటారు. అది మధ్యలో వంగే చోట, పాత వెల్డింగు పక్కన, తలవెంట్రుకంత సన్నటి గీత.

"బావా, దీన్ని నమ్మకు," అన్నాడు బాషా. "పైన మందం ప్లేటేసి కట్టాల. లేదంటే ఓ రోజు సగానికి ఊడొచ్చేత్తాది."

"దసరా బోనసు రానీ భాయ్, ఏసేద్దాం. ఇప్పుడు సేతిలో ఏటున్నాది?" అని మా ఆయన జేబులోంచి సుద్దముక్క తీశాడు. పగులు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ అడ్డంగా గీత గీసి, పక్కన తేదీ వేశాడు. నా వైపు తిరిగి చెప్పాడు. "మా డిపార్ట్‌మెంట్‌లో ఇలగే సేత్తాం. పగులు ఈ గీత దాటిందంటే నడుత్తన్నట్టు. దాటకపోతే పడుకున్నట్టు. దాటిందో, ఆ రోజే బండి తుక్కు కొట్టుకి. మా నాన్న మీదొట్టు."

ఆ ఒట్టు విన్నప్పుడు నాకు గాజువాక మెట్లు గుర్తొచ్చాయి. బండి వెళ్లిపోతే ఈయన ఏమవుతాడు?

ప్రతి ఆదివారం పొద్దున్నే ముందు గీత చూసుకునేవాడు, అప్పుడు ఇంజను స్టార్టు చేసేవాడు. కాసేపు గోతులు తవ్వి, పూడ్చి, చిన్నపిల్లాడిలా దిగేవాడు. నేను బుధవారాలు బస్సెక్కి వెళ్లి అక్కడి మొక్కలకి నీళ్లు పోసి వచ్చేదాన్ని. మూడో బుధవారం ఎందుకో దాని ట్రాకు మీదికి, అదే గొలుసు చక్రం మీదికి, ఎక్కి చూశాను. పగులు గీత దాటింది. ఎంతో కాదు, బియ్యపు గింజంత.

ప్లాంటు వైపు నుంచి సైరన్ మోగింది. ఆదివారం ఇది చూస్తాడు, మాట తప్పడు, సోమవారం లారీ వస్తుంది, మంగళవారం నేను గాజువాక మెట్ల మీద వెతుక్కుంటూ ఉంటాను. బోనసుకి ఇంకా నెలన్నర. ప్లేటు పడేదాకా ఆగితే చాలు కదా అనుకున్నాను. కొంగు తడిపి గీత తుడిచేశాను. క్యాబిన్ కిటికీలో సుద్దముక్క ఉంది. పగులు కొత్త కొస దగ్గర గీత గీసి, ఆయన రాతలాగే పాత తేదీ వేశాను. ఇరవై రెండేళ్లుగా ఆయన చీటీలు చదువుతున్నదాన్ని, ఆయన అంకెలు నాకు రాకపోవు.

ఆదివారం ఆయన చూసి, "సూసినావా, పడుకున్నాది," అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత ఇంకో రెండు బుధవారాలు గీత జరిపాను. స్కేలు పెట్టి కొలవలేదా ఆయన అంటారేమో. గీత మీద నమ్మకమున్నవాడు స్కేలెందుకు తెస్తాడు? రెండోసారి గీసే ముందు ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాను. మూడోసారి చూడలేదు, అదే నాకు ఇప్పటికీ భయంగా ఉంటుంది. బూమ్ పైకి లేచేటప్పుడు లోపల ఎక్కడో గోరు విరిగినట్టు చిన్న చప్పుడు వచ్చేది. తుప్పు రాలుతోందనేవాడు మా ఆయన. బాషా మాత్రం తింటున్న చెయ్యి ఆపి అటు చూసేవాడు.

బోనసు వచ్చింది. సాయంత్రం ఆయన స్కూటీ మీద నుంచి నాలుగు డబ్బాల పసుపుపచ్చ రంగు దించాడు.

"ప్లేటేదండీ?" అన్నాను.

"ఇన్ని వారాలై పగులు కదల్లేదు కదే. ఇంకేటి కదుల్తాది? పండక్కి పెయింటేసీసి, పూజ సేసి, అందరికీ సూపిద్దాం. మా నాన్న బండి కూడా ఇదే రంగు."

అప్పుడు చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఆయన డబ్బా మూత తీసి రంగు వాసన చూస్తున్నాడు, మొహంలో మా పెళ్లినాటి కళ. ఇంకో ఆదివారం చూద్దాంలే అనుకున్నాను. నా అంత మూర్ఖురాలు ఈ భూమ్మీద ఉండదు.

రెండు పూతల రంగు పడేసరికి పగులూ లేదు, గీతా లేదు. దసరా రోజు పొద్దున సెక్టారు నుంచి పాతికమంది వచ్చారు. ట్రాకులకి, సీటుకి, బూమ్‌కి నేనే పసుపు రాసి బొట్లు పెట్టాను. పగులు ఎక్కడుందో నా వేలికి తెలుసు. సరిగ్గా దాని మీద రూపాయి కాసంత కుంకుమ బొట్టు పెట్టి, తల్లీ కాపాడు అన్నాను. అమ్మవారికి కూడా అబద్ధం అప్పజెప్పాను.

బాషా క్యాబిన్‌లో కూర్చున్నాడు. ట్రాకుల కింద నిమ్మకాయలు పెట్టారు. "బూమ్ పైకి లేపు భాయ్, రోడ్డు మీదోళ్లకి కూడా కనబడాల," అని అరిచాడు మా ఆయన. బూమ్ లేచింది. చివర బకెట్టుకి కట్టిన బంతిపూల దండ గాలికి ఊగింది. గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, దిష్టి తీయడానికి ఆయన సరిగ్గా దాని కిందికి నడిచాడు. ప్లాంటులో వేలాడే బరువు నీడలో కూడా ఎన్నడూ కాలు పెట్టని మనిషి.

బాషా కిటికీలోంచి తల బయటపెట్టాడు. "దాని కింద వద్దు బావా!"

"గీత దాటలేదులే భాయ్!"

నేను పైకి చూశాను. నేను పెట్టిన కుంకుమ బొట్టు రెండుగా చీలి ఉంది. బొట్టుకి అటూ ఇటూ కొత్త రంగు మీద జానెడు నల్లటి చార. నేను చూస్తుండగానే అది ఇంకొంచెం సాగింది.

"ఇటొచ్చేయండి! వచ్చేయండి!"

"ఆగవే, కాయ కొట్టీసి వత్తాను."

"గీత దాటిపోనాదండీ! నానే జరిపినాను! మూడుసార్లు జరిపినాను!"

ఇంజను హోరులో కూడా ఆ మాట ఆయనకి వినబడింది. పైకి చూడలేదు, నా మొహంలోకి చూశాడు. గుమ్మడికాయ చేతిలోనే ఉంది, కర్పూరం మండుతూనే ఉంది. "ఏటి?" అంటూ నా వైపు రెండు అంగలు, ఇంకో రెండు అంగలు వేశాడు. పారిపోవడానికి కాదు, నేనన్నదేమిటో అడగడానికి. ఆయన వెనక బూమ్ విరిగి పడింది. నా కాళ్ల కింద నేల అదిరింది. దుమ్ములోంచి బంతిపూల రేకులు మా ఇద్దరి మీదా రాలాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. బాషా ఇంజను ఆపి దిగి, విరిగిన చోట వేలితో తడిమి చూశాడు. మా ఆయన గుమ్మడికాయ జాగ్రత్తగా కింద పెట్టి, ఊది కర్పూరం ఆర్పాడు. నన్ను తిట్టలేదు, కొట్టలేదు, ఎందుకు చేశావనీ అడగలేదు. సోమవారం లారీ వచ్చి యంత్రాన్ని ఎక్కించుకుపోయింది.

ఆ వారమంతా షిఫ్టు అయ్యే వేళకి గుమ్మంలో నిలబడ్డాను. రోజూ టైముకి వచ్చాడు. దగ్గరగా నిలబడి వాసన చూశాను, చెమట వాసన తప్ప ఏమీ లేదు. తాగలేదు. ఇప్పటికి అయిదు నెలలు, చుక్క ముట్టలేదు. నేను దేనికి భయపడి ఇంత పని చేశానో అది జరగనే లేదు.

నిన్న పడుకోబోయే ముందు అడిగాడు.

"గ్యాస్ కట్టీసినావా?"

"కట్టీసినానండీ."

సరే అన్నాడు. కాసేపు అలాగే పడుకుని, లేచి వంటింట్లోకి వెళ్లి చూసి వచ్చాడు.