నల్ల బొత్తాలు

బొత్తాలక్క డబ్బా సీలును పళ్ళతో పీకి, లోపలి గంజాయిని పాత పేపరు ముక్కలోకి వంచింది. ప్రభుత్వ ముద్ర ఉన్న ఆ డబ్బాను నలిపి చెత్తబుట్ట అడుగున దాచింది. పేపరును మడతలు వేసి, ఎర్ర దారం చుట్టి, కొసను గోటితో లోపలికి తోసింది. ఇక అది అచ్చం పాతకాలపు పొట్లమే. చట్టప్రకారం కొన్న సరుకును దొంగసరుకులా తయారుచేయడం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మొదట్లో ఆమెకూ వచ్చేది.

ఆమెది బొత్తాలు, దారాలు, జిప్పులు అమ్మే కొట్టు. భర్త పోయాక ఆ చిల్లర వ్యాపారంతో ఇల్లు గడవక చాటుగా పొట్లాలు మొదలుపెట్టింది. "నల్ల బొత్తాలున్నాయా?" అని అడిగితే పొట్లం ఇచ్చేది. ఒకసారి జైలుకు కూడా వెళ్ళొచ్చింది.

తర్వాత చట్టం మారి గంజాయి అమ్మడం నేరం కాకుండా పోయింది. వీధి మలుపులో లైసెన్సుతో అద్దాల షాపు వెలిసింది. అక్కడికి ఎగబడిన వాళ్ళంతా కొన్నాళ్ళకే మళ్ళీ ఆమె గుమ్మమెక్కారు. "పన్నులతో కలిపి వాచిపోతోందక్కా, నీ దగ్గరే నయం," అన్నారు. ఆమె సంబరం ఎంతోకాలం నిలవలేదు. సర్కారు పన్ను తగ్గించింది. పెద్ద కంపెనీలు ఎకరాలకెకరాలు సాగుచేశాయి. షాపు ధర ఆమె కొనే ధరకన్నా కిందికి దిగింది. ఆమెకు సరుకు తెచ్చేవాడు పాలవ్యాను నడుపుకోవడానికి పోయాడు. అదే షాపులో పని అడిగితే, పాత కేసుంది కదా అని మేనేజరు మర్యాదగానే కాదన్నాడు.

మిగిలింది డ్రైవర్ బాబాయి ఒక్కడే. బస్సు నడిపీ నడిపీ నడుం పోయిన మనిషి. అద్దాల షాపులో గుర్తింపు కార్డు చూపించి కొనాలంటే ఆయనకు తలకొట్టేసినట్టుంటుంది. అందుకే ఆమే అక్కడ కొని, పేపర్లో చుట్టి, కొన్న ధరకే ఇస్తోంది.

"ధర తగ్గించావేంటమ్మాయ్?" అన్నాడు మొదట్లో.

"పోటీ బాబాయ్."

"ఆ షాపుది వట్టి గడ్డి. సరుకంటే నీదే."

ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ముల్లు గుచ్చుకున్నట్టుండేది. ఇవాళ నిజం చెప్పేయాలనుకుంది. చెబితే మోసం చేశావని ముఖం తిప్పుకుంటాడేమో. రోజు మొత్తంలో ఆ కొట్టులోకి వచ్చి కూర్చునే మనిషి ఆయనే. పొద్దుటినుంచీ అదే గుబులు.

మధ్యాహ్నం బాబాయి బూడిదరంగు చొక్కా ఒకటి చేత్తో పట్టుకుని వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. ఆయాసపడుతూ బెంచీ మీద కూలబడ్డాడు.

"నల్ల బొత్తం ఉందా అమ్మాయ్?"

ఆమె సొరుగు లాగి పొట్లం పెట్టింది.

"అది కాదమ్మా. బొత్తం."

"ఏ బొత్తం?"

"బొత్తమంటే బొత్తమే. చొక్కాకి ఊడింది. రేపు స్కూల్లో మనవరాలి డాన్సు. నీటుగా రమ్మంది."

ఆమె సీసాలన్నీ వెతికింది. ఎరుపు, తెలుపు, ముత్యపురంగు అన్నీ ఉన్నాయి. నల్లవి మాత్రం లేవు. ఇన్నేళ్ళలో అవి కొన్న పాపాన పోలేదు. నిజంగా కావలసి అడిగినవాళ్ళను అయిపోయాయని పంపేయడమే అలవాటు. ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. ముందు బాబాయే నవ్వాడు, నడుం పట్టుకుని.

ఆ నవ్వు సందులో ఆమె చెప్పేసింది. "పొట్లమూ నాది కాదు బాబాయ్. ఆ అద్దాల షాపుదే. చాన్నాళ్ళుగా అదే చుట్టి ఇస్తున్నా."

బాబాయి నవ్వు ఆగిపోయింది. పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చుట్టింది నువ్వేగా," అన్నాడు చివరికి. "నీదే. ముందు బొత్తం సంగతి చూడు. ఇక్కడే కూర్చుంటా."

ఆమెకు గుండెల మీంచి బండ దింపినట్టయింది. పక్కవీధి టైలరు దగ్గర ఒక నల్ల బొత్తం అడిగి పట్టుకొచ్చేసరికి బాబాయి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్ర చెడగొట్టడం ఎందుకని చప్పుడు చేయకుండా బొత్తం కుట్టింది. దారం కొరికి, "అయింది బాబాయ్," అంటూ చేయి తట్టింది. ఆ చేయి చల్లగా ఉంది.

కబురందుకుని బాబాయి కొడుకు వచ్చాడు. పక్క కొట్లవాళ్ళు సాయంపట్టి ఆయన్ను వ్యానులోకి ఎక్కించారు. బొత్తాలక్క సొంత బాబాయి పోయినట్టే ఏడ్చింది. తండ్రికి బొత్తాల కొట్టులో ఏం పనో కొడుకు అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఎవరూ అడగని ఆ బూడిదరంగు చొక్కా కౌంటరు మీదే ఉండిపోయింది, ఇస్త్రీ మడత చెదరకుండా, బొత్తాలన్నీ పెట్టి.