తెర మీదికెక్కిన గుసగుస

నేను మాట్లాడటం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదని మా ఇంట్లో నాకు పేరు. సైన్సు టీచర్ని, ఆ మాత్రం గొంతు లేకపోతే ఎలా? ఈ వాగుడుకి సరైన దారి చూపించింది మాత్రం మా ఆడపడుచు. మీటింగుల్లో ఎవరేమన్నారో రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. ఓ సాయంత్రం నేను ప్రశ్నపత్రం టైపు చేస్తూ విసుక్కుంటుంటే నవ్వింది.

"వదినా, నీ నోరు ఎలాగూ ఆగదు. చేతులకెందుకు శ్రమ? బ్రౌజర్లో ఖాళీ పేజీ తెరిచి ఈ మైకు బొమ్మ నొక్కు. నువ్వు వాగుతూ ఉండు, అదే టైపు చేసుకుంటుంది."

ప్రశ్నపత్రం సంగతి దేవుడెరుగు, నాకు ఎనిమిదో తరగతి మొదటి బెంచీ గుర్తొచ్చింది. అక్కడ కూర్చునే అమ్మాయికి చెవులు వినపడవు. పెదాలు చూసి మాట పట్టేస్తుంది. వరండా చివర టీచర్లు ఏం గొణుక్కుంటున్నారో కూడా చెప్పేస్తుందని తోటి పిల్లలు తనకి డిటెక్టివ్ అని పేరు పెట్టారు. కానీ నేను బోర్డు వైపు తిరిగానంటే చాలు, డిటెక్టివ్‌కి పాఠం అక్కడితో తెగిపోతుంది.

మర్నాడే కాలరుకి చిన్న మైకు తగిలించుకుని, ఆ పేజీని ప్రొజెక్టరుతో గోడ మీద వేశాను. నా నోట్లోంచి మాట రావడం, గోడ మీద అక్షరాలు పడటం. ఆ పిల్ల నన్నూ గోడనీ మార్చి మార్చి చూసి, చకచకా రాసుకోవడం మొదలుపెట్టింది. ఇద్దరు ఒకేసారి అరిస్తే అంతా కలగాపులగమైపోతుంది కాబట్టి, ప్రశ్న ఉన్నవాళ్లు నా దగ్గరికొచ్చి కాలరు దగ్గర వంగి అడగాలని పెట్టాను. గోల క్లాసని పేరుపడ్డ ఎనిమిదో తరగతి బుద్ధిగా వరుసలో నిలబడటం నేర్చుకుంది. నాకు గర్వంగా ఉండదూ మరి!

హెడ్మాస్టరుకి ఇదంతా కంట్లో నలుసైంది. స్టాఫ్ రూములో అందరి ముందూ అందుకున్నాడు.

"టీచర్, మీ బ్రౌజర్ గారడీలు ఇక ఆపండి. స్కూలు కొన్న పాఠాల వీడియోలున్నాయి, అవి వెయ్యండి చాలు."

"వాటిల్లో మాటలు అక్షరాల్లో కనపడవు సార్. ఆ పిల్లకి అవి మూకీ సినిమాలే."

"ఒక్క పిల్ల కోసం స్కూలు తలకిందులవ్వాలా?"

"ఏం తలకిందులవ్వలేదు సార్. గోల తగ్గింది. కావాలంటే వచ్చి చూడండి."

లెక్కల మాస్టారు బల్ల కింద నా కాలు తొక్కాడు, ఇక ఊరుకోమని. నేను ఊరుకునే రకమైతే కదా!

హెడ్మాస్టరు నిజంగానే వచ్చాడు. వేర్లు నీళ్లని ఎలా పీలుస్తాయో చెప్తున్నాను. ఆయన గోడ వంక చూడనైనా చూడలేదు. నేరుగా వచ్చి నా పక్కన, పిల్లల కేసి తిరిగి నిలబడ్డాడు. డిటెక్టివ్ పెదాలు చదువుతుందని ఆయనకి తెలుసు. అందుకే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నా భుజం మీదికి వంగి గుసగుసగా అన్నాడు.

"ఆ అమ్మాయిని వచ్చే వారం చెవిటివాళ్ల బడికి పంపించేస్తున్నాను. అక్కడ హాస్టల్ ఉంది. ఇక్కడే ఉంటే మన రిజల్టు దెబ్బతింటుంది. వాళ్లింట్లో నేను చెప్పుకుంటాను. తనకి మాత్రం ఇప్పుడే తెలియనివ్వకండి."

నా కాలరు మైకు సంగతే ఆయనకి తట్టలేదు. అది ఆయన నోటికి బెత్తెడు దూరంలో ఉంది. బల్ల మీద లాప్‌టాప్‌లో ఒక్కో మాటే పడుతోంది. అంటే గోడ మీద కూడా పడుతోంది.

ఆపే బటను నా వేలి కిందే ఉంది. నొక్కలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. తన బతుకు గురించి తేల్చేస్తూ తనకే తెలియకూడదా? పైగా ఇంకా కదిపాను.

"మార్కులు బాగానే వస్తున్నాయి కదా సార్, ఎందుకు పంపడం?"

"ఇవాళ వస్తాయి. రేపు మీకు బదిలీ అయితే ఈ సర్కసు ఎవరు చేస్తారు?"

క్లాసంతా గోడ మీద అది చదివేసింది. డిటెక్టివ్ లేచింది. తన గొంతు విని ఎవరైనా నవ్వుతారని తను నోరు విప్పదు. తిన్నగా బల్ల దగ్గరికొచ్చి, మమ్మల్నిద్దరినీ పక్కకి జరిపి, ఆయన మాటల కిందే టైపు చేసింది.

నేను వెళ్లను.

తర్వాత కంట్రోల్, ప్లస్ కలిపి నొక్కింది. అలా నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి. నేను ఎప్పుడూ నేర్పలేదు, నా వేళ్లు చూసి పట్టేసి ఉంటుంది. మళ్లీ నొక్కింది. మళ్లీ. రిజల్టు, హాస్టల్, సర్కసు అన్నీ గోడ అంచు దాటి పోయాయి. చివరికి గోడంతా ఆ రెండు మాటలే మిగిలాయి.

హెడ్మాస్టరు అప్పుడు వెనక్కి తిరిగాడు. చదివాడు. ముఖం కందగడ్డయింది.

"టీచర్, మీరు నా గదికి రండి."

"రాను సార్. ఏం చెప్పాలన్నా ఇక్కడే చెప్పండి. తన సంగతే కదా, తను కూడా చదువుకుంటుంది."

మైకు కాలరు నుంచి పీకి ఆయన నోటి ముందు పెట్టాను. డిటెక్టివ్ కళ్లు గోడ మీదే ఉన్నాయి. ఆయన మైకు వంకా, తననే చూస్తున్న పిల్లల వంకా చూశాడు.

"సరే, ఉండనివ్వండి."

ఆయన గుమ్మం దాటకముందే, ఆ మాటతో సహా నేను ఆ పేజీని సేవ్ చేసేశాను.