మునిగే దేశం మైకు

“తీర్మానం ఏకగ్రీవం కావాలి. అర్థమైందా?” కాలేజీ సభామందిరం తలుపు దగ్గరే రాజనీతి లెక్చరర్ పిట్టను ఆపేశాడు. “ఫైనల్స్‌కి వెళ్ళే జట్టులో నీ పేరు ఉండాలంటే నోరు మూసుకుని కూర్చో.”

“నాదీ ఒక దేశమే కదా సార్?”

“మ్యాపు మీద ఈగ వాలితే కనపడదు నీ దేశం!”

పొట్టిగా ఉంటుందని ఆమెను అందరూ పిట్ట అంటారు. విద్యార్థులే దేశాల ప్రతినిధులుగా వాదించే మాదిరి ప్రపంచ సభ పోటీలో ఆమె వంతుకు వచ్చింది సముద్రంలో మునిగిపోతున్న ఒక ద్వీపం. ఫైనల్స్ కోసం ఏడాదంతా ఒళ్ళు హూనం చేసుకుంది.

లోపల ప్రిన్సిపాల్ కొడుకు పెద్ద దేశం తరఫున తీర్మానం చదువుతున్నాడు. ద్వీపవాసులందరినీ తమ దేశానికి తరలించి ఆదుకుంటారట. ముందు వరుసలో ముఖ్య అతిథి చప్పట్లు కొట్టాడు. పిట్ట మాత్రం చివరి వాక్యం దగ్గర ఉలిక్కిపడింది. ద్వీపం ఖాళీ అయ్యాక చుట్టూ ఉన్న సముద్రం, దాని అడుగున ఉన్న చమురు పెద్ద దేశానివి!

ఆమె తన బల్ల మీది మైకు మీట నొక్కింది. ఎర్ర దీపం వెలిగి, టప్పున ఆరిపోయింది.

అధ్యక్ష స్థానంలో ఉన్న లెక్చరర్ వేలు ఇంకా స్విచ్చు మీదే ఉంది. “నిబంధన తెలుసుగా? అభ్యంతరం మైకులో వినిపిస్తేనే లెక్క. లేదంటే అందరూ ఒప్పుకున్నట్టే. ఒకటోసారి...”

“వేలంపాట పెట్టారా సార్?” పిట్ట గొంతు చించుకుని అరిచింది.

“మైకులో వినపడలేదు. రెండోసారి...”

పిట్ట లేచింది. కుర్చీల మధ్యగా పరుగున వెళ్ళి పెద్ద దేశం బల్ల ముందు ఆగింది. అక్కడ ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

“ఏయ్ పిట్టా! నీ సీటుకి పో!” కసిరాడు ప్రిన్సిపాల్ కొడుకు.

“నా సీటు మునిగిపోయిందిగా? మీ దేశానికి తీసుకొస్తానన్నావు, వచ్చేశా. జరుగు.”

హాలు గొల్లుమంది. ప్రిన్సిపాల్ కొడుకు తేరుకునేలోగా ఆమె మైకు మీదికి వంగింది.

“ద్వీపం ఒప్పుకోదు. మా నేల మునిగినా మా సముద్రం మాదే!”

ఆ మాట నాలుగు గోడలకూ కొట్టుకుని తిరిగొచ్చింది. లెక్చరర్ స్విచ్చుల కోసం తడుముకున్నాడు. ఎవరి మైకులోంచి చెప్పాలో నిబంధనలో లేదు. ముఖ్య అతిథి చూపు ఆయన మీదే ఉంది.

“జట్టులోంచి నీ పేరు కొట్టేస్తున్నా!”

“కొట్టేయండి సార్,” అంది పిట్ట. “తీర్మానం పక్కన ఏకగ్రీవం అని ముందే రాసుకునుంటారు. ఆ చేత్తోనే అదీ కొట్టేయండి.”

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.